ఫెరాంటీ ఎఫెక్టు చదివాం, మరి ఫెరాంటీ ఎవరు? ఆ కంపెనీ ఏమైంది?

కాకినాడ_విద్యార్థిని · శుక్రవారం, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. నేను ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. పొడవైన లైనుకు అవతలి చివర లోడు లేకపోతే, మనం పంపిన వోల్టేజీ కంటే అక్కడ అందే వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది, దాన్నే ఫెరాంటీ ఎఫెక్టు అంటారు. ఫార్ములా వచ్చు, ఫేజర్ బొమ్మ గీయగలను. కానీ వచ్చే వారం సెమినారుకు మా మేడం వేరే పని అప్పగించారు. "ఫార్ములా అందరూ చెబుతారు. ఆ పేరు ఎవరిది, ఆయన పెట్టిన కంపెనీ ఏమైంది, అది చెప్పు" అన్నారు.

వెతికితే ఒకచోట రాడార్లు, ఒకచోట కంప్యూటర్లు, ఇంకోచోట మోసం కేసు, మరోచోట ఫుట్‌బాల్ జట్టు కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఒకే కంపెనీవేనా? ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దవాళ్లు చెప్పండి.

నాగావళి_తీరం · శుక్రవారం, రాత్రి 9:05

అన్నీ ఒకే కంపెనీవే తల్లీ. నేను ట్రాన్స్‌మిషన్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఫెరాంటీ పేరు నాకు పుస్తకంలో కంటే రాత్రి డ్యూటీలో ఎక్కువ పరిచయం. వర్షాకాలంలో, అర్ధరాత్రి దాటాక, వాన పడి పొలాల్లో పంపుసెట్లు ఆగిపోతాయి. లోడు ఒక్కసారిగా పడిపోతుంది. 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) బస్సు, అంటే లైన్లన్నీ వచ్చి కలిసే కడ్డీ, మీద మీటరు 410, 415 అంటూ మెల్లగా ఎక్కుతుంది. 420 దాటకూడదు. అప్పుడు రియాక్టరు, అంటే ఎక్కిన వోల్టేజీని కిందికి దించే పెద్ద తీగచుట్ట, పెడతాం. పెట్టిన క్షణం నుంచి యార్డులో నేల అదురుతున్నట్టు ఒక మోత మొదలవుతుంది, కంట్రోల్ రూములో గాజు గ్లాసులో నీళ్లు వణికేవి. అదీ చాలకపోతే గ్రిడ్డు మొత్తాన్ని చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోను వచ్చేది, ఫలానా లైను తీసేయండని. కరెంటు లేక కాదు, ఎక్కువై లైను తీసేస్తారంటే బయటివాళ్లు నమ్మరు.

ఇప్పుడు మనిషి సంగతి. సెబాస్టియన్ జియానీ డి ఫెరాంటీ, 1864లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి ఫొటోగ్రాఫరు, ఇటలీ మూలాలున్న కుటుంబం. తల్లి పియానో కళాకారిణి. 1882లో, పద్దెనిమిదేళ్లకే, థాంప్సన్ అనే ఇంజనీరు, ఇన్స్ అనే లాయరు తోడుగా కంపెనీ పెట్టాడు. 1886లో లండన్‌లోని గ్రోవెనర్ గ్యాలరీ పవర్ స్టేషను చేతికి వచ్చింది. అది చిత్రకళా ప్రదర్శనశాల, దీపాల కోసం పెట్టుకున్న జనరేటరు నుంచి చుట్టుపక్కల ఇళ్లకూ కరెంటు ఇస్తుండేవారు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్లు సిరీస్‌లో ఉండేవి. ఒక ఇంట్లో దీపాలు ఆర్పితే పక్కింట్లో వెలుగు మారిపోయేది. ఈయన వచ్చి అన్నిటినీ ప్యారలల్‌లో పెట్టాడు. ఈరోజు మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఉన్న పద్ధతి అదే.

తరువాత లండన్‌లోని డెప్ట్‌ఫోర్డ్ పవర్ స్టేషను. అది రేపు తీరికగా రాస్తాను, దాన్ని రెండు ముక్కల్లో ముగించడానికి నాకు మనసు ఒప్పదు.

ఓరుగల్లు · శుక్రవారం, రాత్రి 9:40

ఇది జీఈసీ కంపెనీలో భాగమే కదా? మన ఇళ్లలో పాత జీఈసీ ఫ్యాన్లు ఉండేవి. అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లదే అనుకుంటున్నాను. ప్రపంచంలో మొట్టమొదటి కంప్యూటరు కూడా ఫెరాంటీ వాళ్లదే అని చదివాను.

పాత_రేడియో · శుక్రవారం, రాత్రి 10:02

ఓరుగల్లు గారూ, మూడు విషయాలు కలిసిపోయాయి, విడదీస్తాను.

బ్రిటన్ జీఈసీ వేరు, అమెరికా జీఈ వేరు. పేరు ఒకేలా ఉంటుంది, రెండు దేశాల్లో విడివిడిగా పుట్టిన కంపెనీలు. ఫెరాంటీ ఆ రెండిటికీ చెందదు. జీఈసీ అధిపతి ఆర్నాల్డ్ వైన్‌స్టాక్ 1967లో ఏఈఐ అనే విద్యుత్ కంపెనీని, మరుసటి ఏడు ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌ను కలిపేసుకున్నాడు. 1989లో సీమెన్స్‌తో కలిసి ప్లెస్సీ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీనీ తీసుకున్నాడు. ఒక్కొక్కటీ ఆ నోట్లోకి పోతుంటే, ఫెరాంటీ మాత్రం చాలాకాలం బయటే నిలబడింది. చివరికి ఏమైందో లెక్కలు తెలిసినవారు చెప్పాలి.

కంప్యూటరు విషయం. మొట్టమొదటిది కాదు. డబ్బిచ్చి కొనుక్కోగలిగిన తొలి సాధారణ ప్రయోజన కంప్యూటరు అది. పేరు ఫెరాంటీ మార్క్ 1. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో విలియమ్స్, కిల్బర్న్ చేసిన యంత్రాన్ని ఫ్యాక్టరీ సరుకుగా మార్చారు. 1951 ఫిబ్రవరిలో ఆ విశ్వవిద్యాలయానికే అప్పగించారు. అమెరికా వాళ్ల యూనివాక్ కంప్యూటరు ఆ తరువాతి నెలలో చేతులు మారింది. దానికి ప్రోగ్రాములు రాసేవారి కోసం తొలి కరదీపిక రాసింది అలన్ ట్యూరింగ్.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ఇష్టమైనది. అక్కడ ప్రోగ్రాములు రాసే మేరీ లీ వుడ్స్, కాన్వే బెర్నర్స్‌లీ అదే కంపెనీలో కలుసుకొని పెళ్లి చేసుకున్నారు. వాళ్ల పెద్దబ్బాయి టిమ్. వరల్డ్ వైడ్ వెబ్ చేసినాయన. మనం ఇక్కడ ఇలా రాసుకుంటున్నామంటే, ఆ ఫ్యాక్టరీకి మనం కొంత రుణపడి ఉన్నాం.

నాగావళి_తీరం · శనివారం, ఉదయం 6:30

డెప్ట్‌ఫోర్డ్.

ఆ రోజుల్లో లండన్‌లో వీధికొక చిన్న స్టేషను ఉండేది. క్రాంప్టన్ లాంటి పెద్ద ఇంజనీర్లు డీసీనే మంచిదని, స్టేషను వినియోగదారుడి దగ్గరే ఉండాలని గట్టిగా వాదించారు. ఫెరాంటీ ఆలోచన తలకిందులు. నది ఒడ్డున, భూమి చవకగా దొరికేచోట, బొగ్గు పడవల మీద నేరుగా వచ్చేచోట ఒకే ఒక పెద్ద స్టేషను కట్టాలి. అక్కడి నుంచి 10,000 వోల్టుల ఏసీతో నగరంలోకి పంపాలి. అప్పటికి రెండు వేల వోల్టులంటేనే గుండె జారేది. 1887లో లండన్ ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ ఆ పనిని చేతిలో పెట్టినప్పుడు ఆయనకు 23 ఏళ్లు. మన శ్రీశైలం, కొత్తగూడెం, సింహాద్రి, ఊరికి దూరంగా పెద్ద స్టేషను కట్టి హై వోల్టేజీలో మోసుకొచ్చే పద్ధతి మొత్తానికి మూలం ఆ కుర్రాడి పట్టుదల.

కేబుల్ దగ్గర చిక్కు వచ్చింది. అంత వోల్టేజీకి నిలబడే కేబుల్ బజారులో లేదు. సరే, తానే చేశాడు. రాగి గొట్టం, దాని చుట్టూ మైనంలో నానబెట్టిన కాగితం, దాని మీద ఇంకో రాగి గొట్టం, మళ్లీ కాగితం, పైన ఇనుప గొట్టం. ఒక్కో ముక్క ఇరవై అడుగులు. వంచడానికి వీల్లేని ముక్కలు. ఒక కొనను పెన్సిల్ మొనలా చెక్కి, రెండో కొనను దానికి సరిపడా గుంటగా తొలిచి, బలంగా లోపలికి నెట్టి అతికించేవారు. అలాంటి అతుకులు వేలల్లో వేశారు. కేబుల్ జాయింట్ వేసినవాడికి తెలుస్తుంది, ఒక్క జాయింట్ సరిగ్గా కుదరకపోతే రాత్రి నిద్ర పట్టదు. వేల జాయింట్లు! ఆ కాగితం కేబుల్ నలభై ఏళ్లు పనిచేసింది.

జనం భయపడ్డారు. కాళ్ల కింద పదివేల వోల్టులు, ఎవరైనా గునపంతో తవ్వితే? అప్పుడు ఆయన చేయించిన పరీక్ష చూడు. కరెంటు పారుతున్న కేబుల్ మీద ఆయన సహాయకుడు ఒకడు వట్టి చేతితో ఉలి పట్టుకున్నాడు. ఇంకొకడు సుత్తితో కొట్టాడు. ఉలి లోపలికి దిగింది, స్టేషన్‌లో ఫ్యూజులు పేలాయి, పట్టుకున్నవాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎలా బతికాడో ఆలోచించి రాయి తల్లీ, నీ సెమినారుకు అదే ప్రాణం.

కాకినాడ_విద్యార్థిని · శనివారం, ఉదయం 7:10

సార్, ఇది ఏ పుస్తకంలోనూ మాకు చెప్పలేదు. మరి డెప్ట్‌ఫోర్డ్ విజయం సాధించిందా?

లెక్కల_మనిషి · శనివారం, ఉదయం 11:20

నేను విజయవాడలో చార్టర్డ్ అకౌంటెంటును. ఇంజనీర్లు చెప్పిన కథకు రెండో వైపు నేను చెబుతాను. నాగావళి గారు నొచ్చుకోరని అనుకుంటున్నాను.

సాంకేతికంగా డెప్ట్‌ఫోర్డ్ గెలిచింది. కానీ ప్రభుత్వం ఆ కంపెనీకి ఇచ్చే సరఫరా ప్రాంతాన్ని కుదించింది. 1890 నవంబరులో గ్రోవెనర్ గ్యాలరీ దగ్గరి సబ్‌స్టేషను కాలిపోయి సరఫరా నెలల తరబడి ఆగింది. మరుసటి ఏడు ఫెరాంటీ అక్కడి నుంచి బయటకు వచ్చాడు. 1896లో తన సొంత ఫ్యాక్టరీని లండన్ నుంచి మాంచెస్టర్ దగ్గర ఓల్డ్‌హామ్‌లోని హాలిన్‌వుడ్‌కు మార్చాడు. పెద్ద ఇంజన్లు, స్విచ్‌గేరు, మీటర్లు, అన్నీ చేశాడు. 1903లో బ్యాంకు రిసీవర్లను, అంటే అప్పు రాబట్టడానికి కంపెనీని తమ చేతిలోకి తీసుకునేవారిని, పెట్టింది. 1905లో కంపెనీని పునర్వ్యవస్థీకరించినప్పుడు పేరు ఫెరాంటీదే మిగిలింది, పగ్గాలు మాత్రం ఆయన చేతిలో లేవు. ఆ తరువాత చాలా ఏళ్లకు గానీ ఆయన మాటకు మళ్లీ బలం రాలేదు. 1930లో జ్యూరిక్‌లో కన్నుమూశాడు.

ఇదే మొదటిసారి. ఈ కంపెనీని డబ్బు మూడుసార్లు పడగొట్టింది, 1903లో, 1974లో, 1993లో. మూడుసార్లూ ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు మంచిదే. ఒక్కసారీ తప్పు అక్కడ లేదు. నా వృత్తిలో ఇంతకంటే బాధ పెట్టే సంగతి ఇంకొకటి లేదు.

తూర్పు_తీరం · శనివారం, మధ్యాహ్నం 2:45

నేవీలో ఎయిర్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేశాను, ఇప్పుడు విశాఖలో స్థిరపడ్డాను. ఫెరాంటీ అంటే నాకు సీ హారియర్ యుద్ధవిమానాలు. 1983లో మన నౌకాదళానికి వచ్చాయి. ముక్కులో బ్లూ ఫాక్స్ రాడారు, ఫెరాంటీ వారి ఎడిన్‌బరో శాఖలో రూపుదిద్దుకున్నది. అంతకుముందు లింక్స్ హెలికాప్టరు కోసం వారే చేసిన సీస్ప్రే నుంచి దాన్ని అభివృద్ధి చేశారు. తరువాత కొన్ని విమానాలకు ఇజ్రాయెల్ రాడారు పెట్టారు. 2016లో గోవాలో వాటికి వీడ్కోలు పలికినప్పుడు నా కళ్లు చెమ్మగిల్లాయి.

విశాఖ గాలిలో, గోవా గాలిలో ఉప్పు ఎంతగా ఉంటుందో మీకు తెలుసు. ముక్కు తెరిచి, కనెక్టర్లు ఒక్కొక్కటిగా శుభ్రం చేసి, మళ్లీ బిగించి, స్క్రీన్ మీద సముద్రపు అలల చెత్త మధ్య నుంచి ఒక నౌక చుక్కలా తేలి వచ్చేవరకు సర్దేవాళ్లం. ఆ చుక్క నిలకడగా నిలబడ్డప్పుడు కలిగే తృప్తి వేరు.

వాయుసేన జాగ్వార్ యుద్ధవిమానాల్లోనూ ఫెరాంటీ పనితనం ఉంది. జాగ్వార్ ముక్కు గుండ్రంగా ఉండదు, ఏటవాలుగా తెగినట్టు ఉంటుంది. అందులో ఉన్నది లక్ష్యం ఎంత దూరంలో ఉందో కొలిచే ఫెరాంటీ లేజర్ రేంజ్ ఫైండరు. ఆ ఆకారాన్ని ఉలి ముక్కు అంటారు. నాగావళి గారి ఉలి కథ చదవగానే నాకు అదే గుర్తుకొచ్చింది.

ఓరుగల్లు · శనివారం, సాయంత్రం 4:00

మీటర్లు చేసే కంపెనీ రాడార్లలోకి ఎలా వెళ్లింది?

తూర్పు_తీరం · శనివారం, సాయంత్రం 4:50

యుద్ధం తీసుకెళ్లింది. విమానంలో తుపాకీ గురి కుదిర్చే గైరో గన్‌సైట్లు వేలల్లో కావాల్సి వచ్చాయి. వాటి కోసం 1943లో ఎడిన్‌బరోలోని క్రూ టోల్ దగ్గర కొత్త ఫ్యాక్టరీ కట్టారు. యుద్ధం ముగిశాక ఆ ఫ్యాక్టరీ మూతపడలేదు. గైరోలు తెలిసినవారు నావిగేషన్‌లోకి, అక్కడి నుంచి రాడారులోకి వెళ్లారు. లైట్నింగ్ ఫైటరుకు ఎయిర్‌పాస్ రాడారు చేశారు. మాంచెస్టర్ వైపు బ్లడ్‌హౌండ్ క్షిపణికి గైడెన్సు చేశారు, క్షిపణి దేహం బ్రిస్టల్ కంపెనీది. స్వీడన్, స్విట్జర్లాండ్, సింగపూర్ కూడా బ్లడ్‌హౌండ్ వాడాయి.

కాకినాడ అమ్మాయి అడిగిన ఫుట్‌బాల్ జట్టు సంగతీ ఇక్కడిదే. ఎడిన్‌బరో ఫ్యాక్టరీ కార్మికుల జట్టు ఫెరాంటీ థిసిల్. 1974లో స్కాటిష్ లీగులో చోటు దొరికితే, కంపెనీ పేరు పెట్టుకోకూడదన్నారు. మెడోబ్యాంక్ థిసిల్ అయింది. 1995లో ఊరు మారి లివింగ్‌స్టన్ అయింది.

లెక్కల_మనిషి · శనివారం, రాత్రి 8:30

బ్లడ్‌హౌండ్ దగ్గర ఒక లెక్క ఉంది, దాన్ని దాటేస్తే కథ సగమే.

ఆ రోజుల్లో రక్షణ కాంట్రాక్టు ధరను ముందే అంచనా వేసి ఖాయం చేసేవారు. ఇన్ని గంటల కూలి పడుతుంది, దాని మీద ఇంత ఓవర్‌హెడ్ (ఫ్యాక్టరీ నడిపే ఇతర ఖర్చులు), ఇంత లాభం అని. ఫెరాంటీలో పని అంచనా కంటే చాలా తక్కువ గంటల్లో పూర్తయింది. కూలి మీద లెక్కకట్టిన ఓవర్‌హెడ్ కూడా అదే దామాషాలో ఉబ్బిపోయి ఉంది. ఆ తేడా అంతా లాభంగా మిగిలింది. 1964లో పార్లమెంటులో పెద్ద గొడవ. సర్ జాన్ లాంగ్ విచారణ జరిపాడు. చివరికి కంపెనీ 42 లక్షల 50 వేల పౌన్లు ప్రభుత్వానికి తిరిగి ఇచ్చింది. చట్టప్రకారం ఇవ్వాల్సిన పని లేదు, మాట పడలేక ఇచ్చారు.

నేను ఇందులో ఫెరాంటీని పూర్తిగా తప్పుపట్టను. త్వరగా, చవకగా చేయడం నేరం కాదు. అంచనా సరిచూడాల్సిన పని కొనేవారిది కూడా.

నాగావళి_తీరం · శనివారం, రాత్రి 9:15

ఇక్కడ మీతో నాకు పేచీ ఉంది అయ్యా. జనం పన్నుల డబ్బు అది. పని సగంలో తేలిపోయిందని ఫ్యాక్టరీలో ఉన్నవాడికి ముందే తెలుస్తుంది. తెలిసి ఊరుకోవడం సరైనది కాదు. మా శాఖలో అలా ఊరుకున్న కాంట్రాక్టరు బిల్లు మీద నేను సంతకం పెట్టలేదు, దానికి పడాల్సిన మాటలు పడ్డాను. ఎంత మంచి ఇంజనీరింగైనా ఆ ఒక్క విషయంలో వారి పక్షాన నిలబడలేను.

లెక్కల_మనిషి · శనివారం, రాత్రి 9:40

మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నైతికంగా ముందే చెప్పి ఉండాల్సింది.

పాత_రేడియో · ఆదివారం, ఉదయం 8:20

కంప్యూటర్లకు తిరిగి వస్తాను. మార్క్ 1 తరువాత పెగసస్, మెర్క్యురీ, చివరకు 1962లో అట్లాస్. అట్లాస్ వచ్చిన రోజుకు ప్రపంచంలో అంత శక్తిమంతమైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉన్న మెమరీ కంటే ఎక్కువ ఉన్నట్టు ప్రోగ్రాముకు చూపించే వర్చువల్ మెమరీ, మనం ఇప్పుడు ప్రతి ఫోనులో వాడుతున్నది, ఆ ఆలోచనకు అది పుట్టినిల్లు. అట్లాస్ నడిచిన మరుసటి ఏడాదే, 1963లో, ఆఫీసు కంప్యూటర్ల వ్యాపారం మొత్తం ఐసీటీ అనే కంపెనీకి అమ్మేశారు. ఆర్గస్ అనే ప్రాసెస్ కంట్రోల్ కంప్యూటరును మాత్రం ఉంచుకున్నారు. ఐసీటీ తరువాత అమ్ముకున్న 1900 శ్రేణి యంత్రాలకు ఆధారం కూడా ఫెరాంటీ కెనడా శాఖ చేసిన నమూనానే. అవతలివాడు అమ్ముకోగలిగినదాన్ని వీళ్లు ఎందుకు అమ్ముకోలేకపోయారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉసూరుమంటుంది.

నాకు స్వయంగా చేతిలో ఉన్న ఫెరాంటీ సరుకు వేరు. జడ్‌ఎన్414. 1972లో వచ్చిన చిన్న చిప్పు. చూడ్డానికి మామూలు ట్రాన్సిస్టరులా మూడు కాళ్లు, లోపల రేడియో అంతా ఉంటుంది. కాలేజీ రోజుల్లో కోఠిలో చాలా దుకాణాలు తిరిగి ఒకటి సంపాదించాను. ఫెర్రైటు కడ్డీ మీద రాగి తీగ చుట్టి, స్టేషను పట్టడానికి ఒక గ్యాంగు కండెన్సరు, ఒక పెన్సిల్ సెల్, ఒక ఇయర్‌ఫోను. ఒకటిన్నర వోల్టుకు పనిచేస్తుంది. సొల్డరింగు ఆరకముందే చెవిలో పెట్టుకుంటే హైదరాబాదు కేంద్రం నుంచి వార్తలు వినిపించాయి. మా అమ్మను పిలిచి వినిపించాను. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఇంకొకటి యూఎల్‌ఏ అనే చిప్పు. ముందుగా తయారుచేసి పెట్టిన లాజిక్ గేట్ల పలక, చివరి లోహపు పొర మాత్రం కొనేవాడి అవసరానికి తగ్గట్టు గీసి ఇస్తారు. ఇళ్లలో వాడుకునే చిన్న కంప్యూటరు సింక్లెయిర్ జడ్‌ఎక్స్80లో 21 చిప్పులు ఉంటే, 1981లో వచ్చిన జడ్‌ఎక్స్81లో నాలుగే. మిగిలినవాటి పని అంతా ఒక ఫెరాంటీ యూఎల్‌ఏ మింగేసింది. బీబీసీ మైక్రో అనే కంప్యూటరులో వీడియో పని కూడా ఫెరాంటీ యూఎల్‌ఏదే. 1984లో మన దేశంలో పిల్లలకు కంప్యూటరు నేర్పే క్లాస్ పథకం కింద బడులకు ఇచ్చినవి ఆ బీబీసీ మైక్రోలే. అప్పుడు చదివినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, మీరు నొక్కిన మీట వెనక ఓల్డ్‌హామ్ ఉంది.

మాంచెస్టర్_తెలుగు · ఆదివారం, మధ్యాహ్నం 3:10

నేను ఓల్డ్‌హామ్‌లోనే డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. నా దగ్గరకు వచ్చే వృద్ధుల్లో ఎవరినైనా ఏ పని చేసేవారని అడిగితే, వెనకటి తరంలో రెండే జవాబులు, నూలు మిల్లు లేదా ఫెరాంటీ. "కంపెనీ" అనరు, పేరు పెట్టి చెబుతారు, మనవాళ్లు "రైల్వే" అన్నట్టు. ట్రాన్స్‌ఫార్మర్ల తీగచుట్టలు చుట్టిన ఆడవాళ్లు ఉన్నారు. వేళ్ల కణుపులు చూస్తే తెలుస్తుంది.

మాంచెస్టర్ సైన్స్ మ్యూజియంలో కంపెనీ దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. పిల్లలను తీసుకుని ఆ మ్యూజియానికి చాలాసార్లు వెళ్లాను, కానీ ఈ పేరు వెనుక ఇంత ఉందని ఇప్పుడే అర్థమవుతోంది. అంతం ఎలా జరిగిందో చెప్పండి. ఆ వృద్ధులు ఆ మాట వచ్చేసరికి ముఖం తిప్పుకుంటారు.

లెక్కల_మనిషి · ఆదివారం, రాత్రి 9:00

చెబుతాను.

1974 నాటికి కుటుంబంలో మూడో తరం నడుపుతోంది, తాత పేరే ఉన్న సెబాస్టియన్, ఆయన తమ్ముడు బాసిల్. రక్షణ, ఎలక్ట్రానిక్స్ విభాగాలు బాగున్నాయి. తాత నాటి ట్రాన్స్‌ఫార్మర్ల విభాగం మాత్రం ఆర్డర్లు లేక నష్టాల్లో ఉంది. దాన్ని మూయడానికి మనసొప్పలేదు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు పెంచనంది. ప్రభుత్వం దిగి, 1975లో నేషనల్ ఎంటర్‌ప్రైజ్ బోర్డు సగానికి పైగా వాటా తీసుకుంది. బయటి నుంచి డెరెక్ అలన్‌జోన్స్ మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చాడు. అయిదేళ్లలో కంపెనీ నిలదొక్కుకుంది. 1980లో ప్రభుత్వం తన వాటాను అమ్మేసింది.

అక్కడి నుంచి ఒక భయం పట్టుకుంది. ఆర్డర్లన్నీ బ్రిటన్ రక్షణ శాఖ మీదే ఆధారపడి ఉన్నాయి. పెద్ద చేప వచ్చి మింగుతుందేమో. పెద్దది కావాలి, అమెరికాలో అడుగుపెట్టాలి. 1987లో పెన్సిల్వేనియాలోని ఇంటర్నేషనల్ సిగ్నల్ అండ్ కంట్రోల్ అనే ఆయుధాల కంపెనీని విలీనం చేసుకున్నారు. దాని వ్యవస్థాపకుడు జేమ్స్ గెరిన్. లాభాలు కళ్లు చెదిరేలా ఉండేవి. విలీనం నగదుతో కాదు, వాటాలు ఇచ్చి చేశారు. అంటే గెరిన్ ఇప్పుడు ఫెరాంటీలో పెద్ద వాటాదారు, బోర్డులో మనిషి.

1989లో బయటపడింది. ఆ లాభాలను నిలబెట్టిన పెద్ద కాంట్రాక్టులు అసలు లేనే లేవు. పాకిస్తాన్‌కు క్షిపణులు అమ్ముతున్నామని చూపిన కాంట్రాక్టు వట్టి కాగితం. కాగితపు కంపెనీల మధ్య ఒకే డబ్బు చుట్టూ తిరిగి వచ్చి, ఆదాయంగా పుస్తకాల్లోకి ఎక్కేది. సెప్టెంబరులో లండన్‌లో వాటాల ట్రేడింగు ఆపేశారు. 21 కోట్ల 50 లక్షల పౌన్లు నష్టంగా రాసేయాల్సి వచ్చింది. గెరిన్‌కు 1992లో అమెరికా కోర్టు 15 ఏళ్ల జైలు వేసింది, మోసానికి తోడు దక్షిణాఫ్రికాకు నిషేధం ఉన్నా ఆయుధ సామగ్రి పంపిన నేరానికి కూడా. ఆడిటర్లు 4 కోట్ల పౌన్లు ఇచ్చి దావా సర్దుబాటు చేసుకున్నారు.

రహస్యమైన రక్షణ కాంట్రాక్టు అనగానే పుస్తకాలు అడగడానికి జంకుతారు. నేను నా దగ్గర ఆడిట్ పని నేర్చుకునే ఆర్టికిల్ పిల్లలకు ఎప్పుడూ ఒకే మాట చెబుతాను, సరుకు ఎక్కిన ఓడ పేరు అడగండి, తీసుకున్నవాడి ఊరు అడగండి. ఈ కేసులో ఎవరైనా ఒక్కరు పాకిస్తాన్‌లో ఎవరి చేతికి అందిందని గట్టిగా పట్టుబట్టి అడిగి ఉంటే, ఓల్డ్‌హామ్‌లో అన్ని కుటుంబాలు రోడ్డున పడేవి కావు. రాస్తుంటే చెయ్యి వణుకుతోంది.

తూర్పు_తీరం · ఆదివారం, రాత్రి 9:35

ఆ సమయంలోనే, ఐరోపా దేశాలు కలిసి చేస్తున్న యూరోఫైటర్ యుద్ధవిమానానికి రాడారు ఎవరు చేయాలనే పోటీ నడుస్తోంది. ఎడిన్‌బరో వాళ్ల ఈసీఆర్90 ముందంజలో ఉంది. రేపు ఉంటుందో లేదో తెలియని కంపెనీకి ఎలా ఇస్తామని జర్మనీ జంకింది. బ్రిటన్ రక్షణ మంత్రి టామ్ కింగ్ హామీ ఇచ్చాడు. 1990లో జీఈసీ వారి రక్షణ కంపెనీ జీఈసీ మార్కోనీ ఆ రాడారు విభాగాన్ని 31 కోట్ల పౌన్లకు కొనుక్కుంది. అలా ఆ రాడారు బతికింది, ఇప్పుడు టైఫూన్ అని పిలిచే ఆ యూరోఫైటర్ ముక్కులో ఉన్న క్యాప్టర్ అదే. క్రూ టోల్ ఫ్యాక్టరీ జీఈసీ నుంచి బీఏఈకి, అక్కడి నుంచి సెలెక్స్‌కు, చివరకు లియొనార్డోకు వెళ్లింది. ఇటలీ మూలాల మనిషి పెట్టిన కంపెనీ రాడారు, తిరిగి ఇటలీ కంపెనీ చేతికి చేరింది.

లెక్కల_మనిషి · ఆదివారం, రాత్రి 9:50

మిగిలిన ముక్క త్వరగా చెప్పి ఆపేస్తాను. రాడారు అమ్మిన డబ్బు అప్పులకు సరిపోయింది, భవిష్యత్తుకు సరిపోలేదు. 1993లో జీఈసీ మొత్తం కంపెనీకి వాటాకు ఒక పెన్నీ ఇస్తానంది, తరువాత ఆ మాటా వెనక్కి తీసుకుంది. ఆ ఏడు డిసెంబరు 1న రిసీవర్లు వచ్చారు. తొంభై ఏళ్ల కిందటి మాటే మళ్లీ.

పాత_రేడియో · ఆదివారం, రాత్రి 10:30

నా సొరుగులో ఉన్న చిప్పు వారసులు బతికే ఉన్నారు. సెమికండక్టర్ల విభాగాన్ని ముందే ప్లెస్సీకి అమ్మేశారు. అందులో కొంత జెటెక్స్‌గా విడిపడింది, 2008లో డయోడ్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని కొన్నది. జడ్‌టీఎక్స్ ట్రాన్సిస్టర్లు ఇప్పటికీ దొరుకుతాయి. అయితే లెక్కల మనిషి గారూ, తప్పంతా గెరిన్‌దేనా? కొనమని ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు కదా.

లెక్కల_మనిషి · ఆదివారం, రాత్రి 10:55

లేదు. మోసం చేసింది గెరిన్. మోసపోయేంత తొందరపడింది బోర్డు. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కడిగేయదు.

కాకినాడ_విద్యార్థిని · సోమవారం, సాయంత్రం 6:20

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఒక సందేహం. 300 కిలోమీటర్ల లైనుకు లెక్క వేశాను. వంద కిలోమీటర్లకు కరెంటు తరంగంలో సుమారు 6 డిగ్రీలు, మొత్తం 18, అవతల వోల్టేజీ 5 శాతం పెరుగుతుంది. నాగావళి సార్ చెప్పిన 420 సరిగ్గా వచ్చింది, ఎగిరి గంతేశాను. కానీ డెప్ట్‌ఫోర్డ్ నుంచి లండన్ నడిబొడ్డుకు ఏడు మైళ్లే కదా! ఏడు మైళ్లకు ఫార్ములా ప్రకారం ఏమీ పెరగదు. మరి ఆయనకు ఆ ఎఫెక్టు ఎలా కనిపించింది?

నాగావళి_తీరం · సోమవారం, రాత్రి 7:45

ఈ ప్రశ్న వేసినందుకు నీకు దండం పెట్టాలి తల్లీ. నా సర్వీసులో ఒక్క ట్రైనీ కూడా అడగలేదు.

నువ్వు వేసింది గాలిలో వేలాడే లైను లెక్క. డెప్ట్‌ఫోర్డ్‌ది గొట్టంలో గొట్టం పెట్టిన కేబుల్, మధ్యలో పల్చటి కాగితం. మైలుకు దాని కెపాసిటెన్సు, అంటే ఛార్జిని నిలువ పట్టే గుణం, ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఆ ఛార్జి నింపే కరెంటు కేబుల్ ఇండక్టెన్సు (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) గుండా మాత్రమే కాదు, వెనక ఉన్న ఆల్టర్నేటరు (ఏసీ జనరేటరు), ట్రాన్స్‌ఫార్మరు ఇండక్టెన్సు గుండా కూడా పారుతుంది. ఆ కెపాసిటెన్సూ ఈ ఇండక్టెన్సూ కలిసి వోల్టేజీని ఎత్తుతాయి. కేబుల్ ఒక ముక్క కలిపిన కొద్దీ పెరుగుతుంది. కాబట్టి జనరేటరు రియాక్టెన్సును కూడా సిరీస్‌లో పెట్టి మళ్లీ లెక్క వెయ్యి.

మాంచెస్టర్_తెలుగు · మంగళవారం, రాత్రి 11:30

ఈరోజు నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడను అడిగాను. ఫెరాంటీలో తీగచుట్టలు చుట్టే విభాగంలో చాలా ఏళ్లు చేసిందట. నా ఫోనులో ఈ చర్చ చూపించి, మన భాషలో ఇంతమంది ఆమె ఫ్యాక్టరీ గురించి రాస్తున్నారని చెప్పాను. తెలుగు లిపిలో ఫెరాంటీ అనే మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. వేలితో ఆ అక్షరాలను కాసేపు నిమిరింది.

కాకినాడ_విద్యార్థిని · శుక్రవారం, సాయంత్రం 5:05

సెమినారు అయిపోయింది. ఇరవై నిమిషాలు ఇచ్చారు, యాభై నిమిషాలు పట్టింది, ఎవరూ లేవలేదు. చివర్లో మేడం ఒకే ప్రశ్న అడిగారు, "ఉలి పట్టుకున్నవాడికి షాక్ ఎందుకు తగల్లేదు?" బోర్డు మీద రెండు గొట్టాలు గీశాను. బయటి గొట్టం ఎర్త్ అయి ఉంది, ఉలి ముందు దాన్ని తాకుతుంది, లోపలి గొట్టాన్ని తాకేసరికి కరెంటు ఉలి గుండా బయటి గొట్టానికే పోతుంది, ఫ్యూజు పోతుంది, మనిషి చెయ్యి ఎర్త్ దగ్గరే ఉంటుంది అని చెప్పాను.

నాగావళి_తీరం · శుక్రవారం, సాయంత్రం 5:20

బొమ్మ ఫొటో తీసి ఉంటే ఇక్కడ పెట్టు తల్లీ. అతుకు మొన ఎలా గీశావో చూడాలని ఉంది.